బఫీ సీజన్ 8 కామిక్స్ మీద ఫ్యాన్స్ కోపం ఇన్నేళ్ళయినా ఎందుకు చల్లారలేదు? అసలు చదవాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: వాంపైర్లను వేటాడే అమ్మాయి కథ ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ టీవీ సిరీస్ ఏడు సీజన్లూ చూసేశారు, దాన్నుంచి పుట్టిన ‘ఏంజెల్’ కూడా అయిపోయింది, ఇప్పుడు కథ కామిక్స్‌లో ముందుకు వెళ్తుందని విని చదువుదామనుకుంటే పాత ఫ్యాన్స్ ‘వద్దు, మనసు పాడవుతుంది’ అంటున్నారు. ఎందుకంత కోపం, చదవడం దండగా అని అడుగుతున్నారు.

దండగ కాదండీ. చదవండి. కానీ ఏది ముందు చదవాలో, దేని మీద ఎంత ఆశ పెట్టుకోవాలో తెలుసుకుని చదవండి. ఇక్కడి నుంచి కథ మొత్తం బయటపడుతుంది, ఎవరు చనిపోతారో ఎవరు విలనో అన్నీ చెప్పేస్తాను, అది ఇష్టం లేకపోతే చివరి రెండు పేరాలు మాత్రం చూసుకోండి, అక్కడ చదవాల్సిన క్రమం ఇచ్చాను, కాస్త కథ మాత్రం అక్కడా బయటపడుతుంది.

చాలామంది ఈ కోపాన్ని ‘బొమ్మలు బాలేవు’, ‘కథ మరీ పెద్దదైపోయింది’ అని చెప్తారు. అవి నిజమే, కానీ అసలు దెబ్బ అక్కడ తగల్లేదు. డార్క్ హార్స్ అనే కామిక్స్ కంపెనీ వాళ్ళు 1998 నుంచే బఫీ కామిక్స్ వేస్తున్నారు, వాటిలో బాగాలేనివి చాలానే ఉన్నాయి, అయినా ఎవరూ గుండెలు బాదుకోలేదు. ఎందుకంటే అవి పక్క కథలు, నచ్చితే చదివాం, నచ్చకపోతే మర్చిపోయాం. 2007 మార్చిలో మొదలైనది అలాంటిది కాదు. సిరీస్ సృష్టికర్త జాస్ వీడనే ముందుండి, టీవీలో రాసిన రచయితలను తీసుకొచ్చి, దానికి సీజన్ 8 అని నంబర్ వేశాడు. అంటే ఇందులో జరిగింది నిజంగా జరిగినట్టే, మీరు చూసిన ఏడు సీజన్ల తర్వాతి జీవితం ఇదే అని చెప్పినట్టు. ఫ్యాన్స్ ఆ మాట నమ్మారు. నలభై ఇష్యూలు, 2011 జనవరి దాకా, అంటే దాదాపు నాలుగేళ్ళు నెలనెలా డబ్బు పెట్టి కొని చదివారు. నచ్చలేదు కదా అని పక్కన పడేసే వీలు ఆ నంబర్ వల్ల పోయింది. నేను చెప్పేవన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

మొదలు మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి. 2008లో బెస్ట్ న్యూ సిరీస్‌గా, కామిక్స్‌లో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డు వచ్చింది, అర్హత ఉండే వచ్చింది. టీవీ చివరి ఎపిసోడ్‌లో బఫీ స్నేహితురాలు, మంత్రగత్తె విల్లో వేసిన మంత్రం వల్ల ప్రపంచమంతా అమ్మాయిలకు స్లేయర్ శక్తి, అంటే వాంపైర్లతో పోరాడే శక్తి వచ్చింది కదా, వాళ్ళ సంగతేంటి అన్న ప్రశ్నతోనే కథ మొదలవుతుంది. పద్దెనిమిది వందల మంది స్లేయర్లు, వాళ్ళలో సుమారు ఐదు వందల మంది బఫీతో కలిసి పనిచేస్తున్నారు, స్కాట్లాండ్‌లో ఒక కోట, కంట్రోల్ రూమ్‌లో బఫీ స్నేహితుడు జాండర్. ఒక్క అమ్మాయి మోసిన బరువు ఒక సైన్యం మోస్తే ఆ సైన్యాన్ని చూసి ప్రపంచం భయపడదా? ప్రభుత్వాలు ఊరుకుంటాయా? బఫీ తన మనుషుల ఖర్చుల కోసం స్విస్ బ్యాంకును దోచుకుంటుంది, అది తప్పని ఆమెకు తెలుసు, కథకు కూడా తెలుసు. ఈ దారిలోనే నిలబడి నడిచి ఉంటే మనం ఇప్పుడు ఇలా మాట్లాడుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

కామిక్‌లో బడ్జెట్ లేదు. రాక్షసుడైనా, దేవుడైనా, జలాంతర్గామి అయినా గీసేయొచ్చు. అందరూ దీన్ని లాభం అనుకున్నారు, నా దృష్టిలో ఈ సిరీస్‌కు ఇదే పెద్ద నష్టం. టీవీలో డబ్బులు లేక వాళ్ళు లైబ్రరీలో కూర్చుని మాట్లాడుకున్నారు, వంటింట్లో నిలబడి గొడవపడ్డారు, స్మశానంలో నడుస్తూ బాయ్‌ఫ్రెండ్ గురించి చెప్పుకున్నారు. ఆ మాటలే మనల్ని పట్టుకున్నాయి. జాయిస్ చనిపోయిన ఎపిసోడ్ గుర్తుందా, ఐదో సీజన్‌లో? నేపథ్య సంగీతం లేదు, సోఫా మీద అమ్మ శవం, అంబులెన్స్ వాళ్ళ మాటలు సగం వినబడుతూ. దానికి ఎంత బడ్జెట్ కావాలి? అదే సీజన్ 8కి వచ్చేసరికి బఫీ చెల్లెలు డాన్ రాక్షసంత పెరిగిపోతుంది, తర్వాత సగం గుర్రం అవుతుంది, ఆ తర్వాత బొమ్మ అవుతుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోవడం ఆ కథ అసలు విషయం, మంచి విషయం, కానీ అంత హడావిడిలో అది కూర్చుని మాట్లాడుకునే చోటే దొరకదు.

ఇంకోటి, ఇరవై రెండు పేజీల ఇష్యూలో నలభై రెండు నిమిషాల ఎపిసోడ్ పట్టదు. ఒక ఆర్క్‌కు, అంటే ఒక కథాభాగానికి, నాలుగైదు ఇష్యూలు పడుతుంది, కథగా చూస్తే అది ఒకటి రెండు ఎపిసోడ్ల పని. అంటే నాలుగైదు నెలలు ఎదురుచూస్తే మనకు దక్కేది టీవీలో ఒకటి రెండు వారాల కథ. ఆ లెక్కన నలభై ఇష్యూల్లో ఒక పూర్తి సీజన్‌కు సరిపడే మనుషుల మధ్య సమయం ఉండదు, ఏదో ఒకటి తగ్గించాలి, తగ్గించింది మాటలనే. జార్జెస్ జాంటీ మంచి చిత్రకారుడు, ముఖాల్లో పోలిక తేవడం మాత్రం ఎప్పుడూ ఒకేలా కుదరలేదు, కొత్త స్లేయర్ అమ్మాయిల్లో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి పేజీ వెనక్కి తిప్పాల్సి వచ్చేది. జో చెన్ గీసిన కవర్లు ఫోటోల్లా ఉండేవి, లోపలికి వెళ్తే వేరే మనుషులు కనిపించేవాళ్ళు. ఇది చిన్న ఫిర్యాదే, దీనికోసం ఎవరూ సిరీస్‌ను వదిలేయలేదు.

వదిలేసేలా చేసిన మొదటి దెబ్బ వారెన్. ఆరో సీజన్‌లో వారెన్ తుపాకీ కాలిస్తే విల్లో ప్రియురాలు టారా చనిపోయింది, విల్లో వాడి చర్మం ఒలిచి చంపింది. విల్లో తర్వాతి జీవితం మొత్తం ఆ ఒక్క హత్య నీడలో ఉంటుంది, ఇంగ్లండ్ వెళ్ళి కోలుకోవడం, మళ్ళీ మంత్రం ముట్టుకోవాలంటే వణకడం. సీజన్ 8 మొదటి ఆర్క్‌లోనే వారెన్ బతికే ఉన్నాడని, ఏమీ అనే మంత్రగత్తె వాడిని మంత్రంతో కాపాడిందని చూపించారు. ఫ్యాన్స్ వెంటనే ఒక విషయం పట్టుకున్నారు: ఏడో సీజన్‌లో ‘ద ఫస్ట్’ అనే శక్తి వారెన్ రూపంలో కనిపించింది, అది చనిపోయిన వాళ్ళ రూపం మాత్రమే తీసుకోగలదు. దానికి తర్వాత ఇచ్చిన జవాబు, వారెన్ కాసేపు చనిపోయి మళ్ళీ బతికాడు అని. సరే, నియమం అతికించారు. కానీ విల్లో చేసింది హత్య కాదని తేలితే ఆమె పడిన పశ్చాత్తాపం ఏమవుతుంది? దాని గురించి కథ ఆగి ఆలోచించదు. ఫ్యాన్స్ పట్టుకున్నది నియమాల తప్పు అని అందరూ అంటారు, వాళ్ళను బాధపెట్టింది మాత్రం రెండో సంగతి.

ఇక ఏంజెల్, బఫీ ప్రేమించిన, ఆత్మ ఉన్న వాంపైర్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు తెలిసిన పాఠకుల్లో ఎక్కువమంది ఇక్కడే పుస్తకం మూసేశారు. సీజన్ 8 విలన్ పేరు ట్వైలైట్, ముసుగు వేసుకుని ఎగురుతాడు, వాడి వెనక సైనికులు, ప్రభుత్వ అధికారులు, స్లేయర్లను వేటాడే జనం. వాడి వల్ల చాలామంది అమ్మాయిలు చనిపోయారు. వాడు ఎవరన్నది మూడేళ్ళు దాచారు. 33వ ఇష్యూ రాకముందే విషయం బయటికి పొక్కింది: ట్వైలైట్ అంటే ఏంజెల్.

విలన్ మనకు బాగా తెలిసినవాడు కావడం తప్పేమీ కాదు, రెండో సీజన్‌లో ఏంజెలస్‌తో వాళ్ళు చేసింది అదే, అది సిరీస్‌లోకెల్లా గొప్ప కథ. అక్కడ కారణం ఉంది: ఆత్మ పోయింది, అందుకే క్రూరుడయ్యాడు, ఆత్మ తిరిగొచ్చిన క్షణంలోనే బఫీ వాడిని నరకానికి పంపాల్సి వచ్చింది. ఇక్కడ ఏంజెల్‌కు ఆత్మ ఉంది, తెలివి ఉంది, ఐదు సీజన్లు ప్రాయశ్చిత్తం చేసుకున్న మనిషి, చివరికి వర్షంలో సందులో నిలబడి గెలవలేనని తెలిసి కూడా యుద్ధానికి దిగినవాడు. వాడు ముసుగు వేసుకుని తను ప్రేమించిన అమ్మాయి మనుషుల చావుకు కారణం ఎందుకవుతాడు? ఇచ్చిన వివరణ ఏమిటంటే, స్లేయర్ల మీద పగబట్టిన వాళ్ళందరినీ తన కిందకి తెచ్చుకుంటే నష్టం తగ్గుతుందని, బఫీ కూడా దాని వల్ల ఎదుగుతుందని. దాని పైన విశ్వమే వాళ్ళిద్దరినీ కలపాలనుకుందని ఇంకో వివరణ. ఇద్దరికీ ఎగిరే శక్తులు వచ్చాయి, ఇద్దరూ ఆకాశంలో ఒక్కటయ్యారు, దానివల్ల కొత్త లోకం పుట్టింది, కింద స్నేహితులు రాక్షసుల మధ్య చిక్కుకున్నారు.

బఫీ, ఏంజెల్ జంటను పదేళ్ళుగా కోరుకున్న వాళ్ళకు కూడా ఇది నచ్చలేదు. కోరుకున్నది దొరికింది, కానీ ఆ ఇద్దరూ తమ ఇష్టంతో కలిశారో, విశ్వం నెట్టితే కలిశారో తెలియకుండా దొరికింది. బఫీని ప్రేమించిన ఇంకో వాంపైర్ స్పైక్ అభిమానులేమో చివరి ఆర్క్ దాకా వాడు కథలోకి రాలేదని మండిపడ్డారు, పురుగులు నడిపే ఓడలో దిగితే ఏం చేసుకుంటామన్నారు. నిజానికి ఈ రెండు గుంపులూ ఎప్పుడూ ఒక మాట మీద లేవు, ఈ విషయంలో మాత్రం కలిసిపోయాయి.

లైసెన్సుల గొడవ దీన్ని ఇంకా పాడుచేసింది. అప్పట్లో బఫీ కామిక్స్ హక్కులు డార్క్ హార్స్ దగ్గర, ఏంజెల్ హక్కులు ఐడీడబ్ల్యూ అనే ఇంకో కంపెనీ దగ్గర ఉండేవి. 2007 నవంబర్‌లో ఐడీడబ్ల్యూ వాళ్ళు ‘ఏంజెల్: ఆఫ్టర్ ద ఫాల్’ మొదలుపెట్టారు, కథ వీడన్‌తో కలిసి అనుకున్నది, రాసింది బ్రయన్ లించ్, పదిహేడు ఇష్యూలు. లాస్ ఏంజెలెస్ మొత్తం నరకంలోకి జారిపోతుంది, ఏంజెల్ మామూలు మనిషైపోయాడు, వాడి సహచరుడు గన్ వాంపైర్ అయ్యాడు, చివరికి ఊరు తిరిగొస్తుంది, జనం ఏంజెల్‌ను హీరోగా చూస్తారు. బాగుంది. మరి ఆ హీరో ట్వైలైట్ ఎప్పుడయ్యాడు, ఆ మధ్యలో ఏం జరిగింది? ఒక కంపెనీ పుస్తకంలో వాడు ఊరి జనంతో ఉన్నాడు, ఇంకో కంపెనీ పుస్తకంలో ముసుగుతో ఎగురుతున్నాడు, ఈ రెండింటినీ కలిపి కాలక్రమం రాసే పని పాఠకుల మీద పడింది. ఒకే మనిషి జీవితాన్ని రెండు ఆఫీసుల్లో విడివిడిగా రాస్తే ఇలాగే ఉంటుంది.

నటులు లేకపోవడం గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది. గొంతు వినబడదు అన్నది ఒక భాగం మాత్రమే. స్పైక్‌ను రెండో సీజన్‌లోనే చంపేయాలనుకున్నారు, జేమ్స్ మార్‌స్టర్స్ నటన చూసి మనసు మార్చుకున్నారు. అంటే సెట్‌లో నిలబడిన మనిషి కథ దారి మార్చాడు. ‘నా పాత్ర ఈ మాట అనదు’ అని చెప్పగలిగే మనిషి అక్కడ ఉంటాడు, చెప్పకపోయినా వాడి ముఖంలో మాట అబద్ధంగా వినబడుతుంది, రచయితకు తెలిసిపోతుంది. కామిక్‌లో కాగితం ఏది రాసినా మోస్తుంది. ట్వైలైట్ వివరణ మొత్తాన్ని ఏంజెల్ పాత్ర వేసిన డేవిడ్ బోరియానజ్ నోటితో బఫీ కళ్ళలోకి చూస్తూ చెప్పించాల్సి వచ్చి ఉంటే, అది ఆ రూపంలో తెర దాకా వచ్చేది కాదని నా నమ్మకం.

గైల్స్ చావు 39వ ఇష్యూలో. ట్వైలైట్ శక్తి పట్టిన ఏంజెల్ ఆయన మెడ విరిచేస్తాడు, యుద్ధం మధ్యలో, ఒక్క క్షణంలో. బఫీ మంత్రశక్తికి మూలమైన విత్తనాన్ని పగలగొడుతుంది, ప్రపంచంలో మంత్రం అంతమవుతుంది. బఫీకి తండ్రిలాంటి మనిషి, ఏడు సీజన్లు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆ పిల్లలందరినీ సాకిన మనిషి, ఆయన చావుకు దక్కిన చోటు చాలా చిన్నది. అయితే ఆ తర్వాతి 40వ ఇష్యూ, అంటే చివరిది, మొత్తం సీజన్‌లో మంచి వాటిలో ఒకటి. గైల్స్ తన ఆస్తి ఇంకో స్లేయర్ అయిన ఫెయిత్‌కు రాసిపెట్టి, బఫీకి ‘వాంపైర్’ పుస్తకం ఒక్కటే వదిలి వెళ్తాడు. బఫీ స్నేహితుల ఇంట్లో సోఫా మీద పడుకుని, కాఫీ షాపులో పనిచేస్తూ, మిగతా స్లేయర్ల తిట్లు తింటూ బతుకుతుంది. మళ్ళీ మనుషులు, మళ్ళీ గదులు. అదే ఇష్యూ చివర వీడన్ పాఠకులకు రాసిన ఉత్తరంలో, తర్వాతి సీజన్‌ను మామూలు జీవితానికి దగ్గరగా తెస్తామని చెప్పాడు. ఫ్యాన్స్ ఏమన్నారో అది వాళ్ళ చెవిన పడిందన్నమాట.

సీజన్ 9 (2011 నుంచి 2013, ఇరవై ఐదు ఇష్యూలు) ఆ మాట నిలబెట్టుకోబోయి మధ్యలో జారింది. బఫీ గర్భవతినని తెలుసుకుంటుంది, ఆలోచించి, భయపడి, చివరికి అబార్షన్ చేయించుకోవాలని నిర్ణయించుకుని తోడు రమ్మని స్పైక్‌ను అడుగుతుంది. ఆ ఇష్యూ చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇంకా గుర్తుంది, ఒక ఆడపిల్ల తన జీవితం గురించి తీసుకునే నిర్ణయాన్ని అంత సూటిగా, అంత నిదానంగా రాశారు. తర్వాతి ఇష్యూలో బఫీ చెయ్యి ఊడిపోతుంది, లోపల వైర్లు. ఆమె రోబో. వాళ్ళ గుంపులోని ఆండ్రూ ఆమెకు తెలియకుండా ఆమె మనసును రోబో శరీరంలో పెట్టాడు, ఆమె మంచి కోసమట. గర్భమే లేదు, కాబట్టి నిర్ణయమూ లేదు. అనుమతి లేకుండా ఒక స్త్రీ శరీరాన్ని మార్చేయడం గురించి కథ పైపైన కోపం చూపించి ముందుకు వెళ్ళిపోయింది. ట్వైలైట్ కన్నా ఇది ఘోరమని నేను అనుకుంటాను, ఎందుకంటే ఇక్కడ రచయితలకు దొరికింది నిజమైన విషయం, చేతిలోకి వచ్చాక వదిలేశారు.

ఇంత భరించి చదివినందుకు చివరికి దక్కిందేమిటి? 2018లో సీజన్ 12తో డార్క్ హార్స్ కథ ముగిసింది, లైసెన్స్ బూమ్ స్టూడియోస్‌కు వెళ్ళింది, 2019లో వాళ్ళు బఫీని మళ్ళీ హైస్కూల్ నుంచి, కొత్త కాలంలో కొత్తగా మొదలుపెట్టారు. 2023లో పాత నటులతో వచ్చిన ఆడిబుల్ ఆడియో ధారావాహిక ‘స్లేయర్స్’ కామిక్స్‌లో జరిగినవేవీ లెక్కలోకి తీసుకోలేదు. పదకొండేళ్ళు ‘ఇదే నిజం’ అని చెప్పి అమ్మిన కథ, హక్కులున్న వాళ్ళు పట్టించుకోనక్కర్లేని కథ అయిపోయింది. పాఠకుడి దగ్గర విధేయత అడిగారు, తిరిగి విధేయత ఇవ్వలేదు. ఇదొక్క బఫీకే జరగలేదు. ‘ద ఎక్స్ ఫైల్స్’ టీవీ సిరీస్‌కు 2013లో ఐడీడబ్ల్యూ సీజన్ 10 కామిక్ మొదలుపెట్టింది, దాని సృష్టికర్త క్రిస్ కార్టర్ పేరు మీదే, టీవీలో 2002లో చనిపోయిన లోన్ గన్‌మెన్ ముగ్గురూ బతికే ఉన్నారని చూపించారు, ఫ్యాన్స్ ఆనందంగా కొన్నారు. 2016 జనవరిలో టీవీ సీజన్ 10 వచ్చింది, కామిక్‌లో జరిగిందేదీ అందులో లేదు. టీవీ తిరిగొస్తే కామిక్ పక్కకు తప్పుకోవాల్సిందే, అది సహజం, కానీ ఆ సంగతి కొనే ముందే చెప్పి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు.

అందుకే మీకు నా సలహా, నంబర్లు నమ్మి వరసగా చదవకండి. సీజన్ 8లో ముందు ఐదో ఇష్యూ ‘ద చెయిన్’ చదవండి. బఫీ పేరుతో, బఫీలా నటిస్తూ భూమి కింద రాక్షసులతో పోరాడి చనిపోయే ఒక అమ్మాయి కథ, ఆమె అసలు పేరు కూడా మనకు చెప్పరు. టీవీలో ఇది చేయలేరు, ఒక్క ఇష్యూలో అంతా ఉంది. తర్వాత 6 నుంచి 9, బ్రయన్ కె. వాన్ రాసిన ఫెయిత్ ఆర్క్, ఫెయిత్, గైల్స్ ఇద్దరినీ ఎంత బాగా పట్టుకున్నాడో చూడండి. అవి నచ్చితే మొదటి నుంచి 31 దాకా చదవండి, అక్కడ ఆగి, 32 నుంచి 39 వరకు ఏం జరిగిందో ఇక్కడే చెప్పేశాను కాబట్టి త్వరగా తిప్పేసి, 40 మాత్రం నిదానంగా చదవండి. ఏంజెల్ సందులో ఏమయ్యాడో తెలుసుకోవాలని ఉంటే ‘ఆఫ్టర్ ద ఫాల్’ పదిహేడు ఇష్యూలు, దాన్ని ట్వైలైట్‌తో ముడిపెట్టే ప్రయత్నం చేయకుండా విడిగా.

ఆ తర్వాత నేరుగా ‘ఏంజెల్ అండ్ ఫెయిత్’కు వెళ్ళండి, క్రిస్టోస్ గేజ్ రాసింది, రెబెకా ఐజాక్స్ బొమ్మలు, ఇరవై ఐదు ఇష్యూలు. గైల్స్‌ను చంపిన ఏంజెల్ ఆ పాపం మోస్తూ లండన్‌లో గైల్స్ ఇంట్లోనే ఫెయిత్‌తో కలిసి ఉంటాడు, ఆయన్ని తిరిగి తేవాలన్న పిచ్చిలో పడతాడు, ఫెయిత్ వాడిని నమ్మాలా ఆపాలా తెలియక నలిగిపోతుంది. సీజన్ 8 పట్టించుకోకుండా వదిలేసిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కొక్కటిగా ఎదుర్కొంటారు, గైల్స్ ఏ రూపంలో తిరిగొస్తాడో చెప్పను. బొమ్మల్లో ముఖాలు కూడా పోలుస్తాయి. అది పూర్తయ్యాక గేజే రాసిన సీజన్ 10, ముప్పై ఇష్యూలు, బఫీ, స్పైక్ ఇద్దరూ పెద్దవాళ్ళలా మాట్లాడుకునే కథ. మధ్యలో సీజన్ 9 కావాలంటే ‘ఏంజెల్ అండ్ ఫెయిత్’తో పాటు చదువుకోండి, రోబో భాగం వచ్చినప్పుడు కోపం రావడం మామూలే. 11, 12 సీజన్లు ఇవన్నీ నచ్చితేనే.